పన్నెండున్నర నీడ

నోంగ్ సాయ్ తోట, ఉబోన్
మార్చి 9

ప్రనోమ్ అక్కకి,

కవరు మీద నా అక్షరాలు చూడగానే చింపేద్దామనుకుంటావు. చింపే ముందు ఒక్క పేజీ చదువు. ఫోన్ చేద్దామంటే అమ్మ దహనం రోజున, దహనవాటిక మెట్ల మీదే, ఒకరి నంబరు ఒకరం చెరిపేసుకున్నాం. మూడేళ్ళయింది. ఎవరు ముందు చెరిపారో ఇప్పుడు వాదించుకోవద్దు.

మేం ఒక కారు కొన్నాం. పాతదే, కరెంటుతో నడిచేది. గుడికి తీసుకెళ్తే పెద్ద భిక్షువు కారు లోపల కప్పుకి గంధం పెట్టి, రక్షగా మంత్రాక్షరాలు రాశారు. మన తోటకి కరెంటు ఎలా ఉంటుందో నీకు తెలుసు. స్తంభాలు బడి దగ్గరే ఆగిపోయాయి, మన దాకా మూడు కిలోమీటర్లు ఎవడూ వేయడు. అందుకని పడమటి పక్కన కారుకి ఒక షెడ్డు వేసి, దాని మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించాం. ఇంటి పాత కప్పు ఆ బరువు మోయదట. ఎండతోనే ఇంట్లో కారు నింపుకోవాలి, ఇంకో దారి లేదు.

ప్యానెళ్ళు బిగించినాయన తూర్పున వేద్దామన్నాడు. తూర్పున అమ్మ పెట్టుకున్న స్థలదేవత గూడు ఉంది. షెడ్డు నీడ దేవత గూడు మీద పడితే ఇల్లు నిలుస్తుందా? నేను ససేమిరా అన్నాను. గూడునే పక్కకి జరిపిద్దామని మా ఆయన అన్నాడు. అమ్మ చేతులతో పెట్టింది జరపనన్నాను. పడమట అయితే నీ వాటా గట్టు మీద తఖియన్ చెట్టు ఒక్కటే అడ్డం. దాన్ని చలికాలం రాగానే అమ్మేస్తానని, కలపవాడు చూసి పోయాడని, ఊళ్ళో ఫన్ పిన్నితో నువ్వే అన్నావు. ఆ మాట పట్టుకునే పడమట వేశాం.

చలికాలం వెళ్ళిపోయింది. చెట్టు అక్కడే ఉంది. పొద్దున్న కారు బాగానే నిండుతుంది. పన్నెండున్నర అయ్యేసరికి నీ చెట్టు నీడ మొదటి ప్యానెల్ ఎక్కుతుంది. ఒంటిగంటకి అన్నిటినీ కప్పేస్తుంది. మంచి ఎండ ఉన్న వేళంతా అలా పోతోంది.

చెట్టు ఎప్పుడు కొట్టిస్తున్నావో చెప్తే చాలు. కూలి మేమే పెట్టుకుంటాం, కలప నీదే.

ఆరోగ్యం జాగ్రత్త.

లమ్యై


బాంగ్‌కాపి, బ్యాంకాక్
ఏప్రిల్ 4

చెల్లి లమ్యైకి,

చింపలేదు. రెండుసార్లు చదివాను కూడా. నువ్వు నన్ను అడుక్కుంటూ రాసిన మొదటి ఉత్తరం కదా, చింపితే మళ్ళీ దొరుకుతుందా?

కారా! అబ్బో! నేను ముప్పై ఏళ్ళ పైనుంచీ ఈ సందులో ఎవరెవరివో ప్యాంట్లు పొట్టి చేస్తూ, జిప్పులు మారుస్తూ బస్సుల్లో నిలబడి తిరుగుతున్నాను. నువ్వేమో జామతోటలో కూర్చుని ఎండతో కారు నడుపుతున్నావు. పెట్టి పుట్టావే తల్లీ.

ఇల్లు చిన్నకూతురిదే, మన ఊళ్ళో ఎప్పుడూ అంతే, కాదనను. అమ్మానాన్నల్ని చూసుకున్నదీ నువ్వే. నాకు ఆ పడమటి పట్టీ విదిలించారు, ఏటా నీళ్ళు ఎక్కే నేల. అందులో నాకని మిగిలింది ఆ చెట్టొక్కటే. అమ్ముదామనుకున్న మాట నిజమే. ఇప్పుడు మనసు మారింది. నా చెట్టు, నా మనసు. నా నీడని నువ్వు కొలుచుకుంటున్నావని తెలిశాక అదంటే ముద్దొస్తోంది.

నీ కారుకి అంత ఆకలైతే టౌనుకి తీసుకెళ్ళి పెట్రోలు బంకు దగ్గర నింపుకో. అక్కడ పెడుతున్నారటగా అలాంటి మిషన్లు. షికారు చేసేవాళ్ళకి నలభై కిలోమీటర్లు ఒక లెక్కా?

అన్నట్టు, నా ఆకుపచ్చ పట్టు రవిక ఫోటో ఒకటి అమ్మ బీరువాలో ఉండాలి. ఇరవై నాలుగేళ్ళ వయసులో దిగింది. ఎందుకు దిగానో నీకు గుర్తుండే ఉంటుంది. అది పంపు.

ప్రనోమ్


నోంగ్ సాయ్ తోట
మే 20

అక్కా,

షికారు అన్నావు. చెప్పకూడదనుకున్నాను, నువ్వే చెప్పించావు.

మా ఆయన సుథిన్‌కి ఊపిరితిత్తులు పోయాయి. క్వారీలో ఇరవై ఏళ్ళు మింగిన రాతిదుమ్ము లోపల గట్టిపడిందన్నారు. ఆక్సిజన్ మిషను ఇచ్చి పంపారు. గాలి పీల్చుకుని ముక్కులోకి గొట్టంతో పంపుతుంది. అది రోజంతా నడవాలి, ఆగకూడదు. పగలు ప్యానెళ్ళ మీద నడుస్తుంది, పొద్దుగూకాక కారు నుంచి వైరు లాగి నడుపుతాను. ఆ కారు మాకు తిరగడానికి కాదు. అది ఆయన రాత్రి ఊపిరి. పాత జనరేటర్ ఉండేది. దాని పొగకి దగ్గి దగ్గి నెత్తురు పడితే అమ్మేశాం.

నీడ పడకపోతే ఆ రోజు నిండింది ఆ రోజుకి సరిపోతుంది. నీడ వల్ల చాలడం లేదు. నాలుగు రోజులకోసారి ఆయన్ని, మిషన్ని, ఒక సిలిండర్ని కారులో వేసుకుని టౌనుకి వెళ్ళి, బంకు దగ్గర ఎండలో గంటన్నర కూర్చుని నింపుకొస్తున్నాను. గతుకులకి ఆయన ఎలా అయిపోతాడో రాయలేను. వానాకాలం వస్తోంది. వాగు మీద రోడ్డు మునిగితే ఏం చేయాలి?

ఇంకో సంగతి. పోయిన నెల్లో ఎవరో నీ చెట్టుకి రంగు గుడ్డలు చుట్టారు. చెట్టులో అమ్మవారు ఉందట, ఫన్ పిన్నికి చెప్పిందట. ఇప్పుడు లాటరీ తీసే రోజుకి ముందు ఊరు ఊరంతా ఇక్కడే. మాను మీద పౌడర్ రుద్దుతారు, అంకెలు కనిపిస్తాయని కళ్ళు చిట్లించుకుని చూస్తారు. గాజులు, దువ్వెనలు, రవికలు తెచ్చి కట్టిపోతారు. నువ్వు ఇవాళ ఒప్పుకున్నా కొట్టడానికి ఒక్క మనిషి దొరకడు. కలపవాణ్ణి అడిగితే నా ముందే చెవులు మూసుకున్నాడు. అందుకే త్వరపడమంటున్నాను. చెట్టు యజమానివి, నువ్వే వచ్చి ఇదంతా ఉత్తిదని చెప్తే వింటారేమో.

నా మీద కోపం ఉంటే నన్ను తిట్టు. ఆయన ఊపిరి మీద తీర్చుకోకు.

ఫోటో దొరకలేదు.

లమ్యై


బాంగ్‌కాపి
జూన్ 11

లమ్యై,

నీ ఉత్తరం చదివి నవ్వానంటే నన్ను రాక్షసి అంటావు. నవ్విన మాట నిజం. సుథిన్ సంగతికి కాదు, అమ్మవారి సంగతికి.

ఆ అమ్మవారిని కుట్టింది నేనే తల్లీ! ఏప్రిల్లో ఫన్ పిన్నికి ఫోన్ చేసి కల వచ్చిందని చెప్పాను. చెట్టులోంచి ఆకుపచ్చ పట్టు రవిక వేసుకున్న పిల్ల దిగి వచ్చి, చలేస్తోంది, బట్ట ఇవ్వమందని. వేళ్ళు ముందు మూడు, తరవాత నాలుగు చూపించిందని. మర్నాడే మిగిలిపోయిన గుడ్డతో ఒక రవిక కుట్టి పోస్టులో పంపాను. నువ్వు గొడ్డలి తెస్తావేమోనని నా భయం, అంతే. ఆ ముప్పై నాలుగు నిజంగా లాటరీలో తగిలింది! విని నేనూ నోరు తెరిచాను. ఇక అది నా చేతుల్లో లేదు.

ముప్పై నాలుగు ఏమిటో నీకు వేరే చెప్పాలా? ముప్పై నాలుగేళ్ళ క్రితం తాంబూలం పళ్ళెం పట్టుకుని సుథిన్ మనింటికి వచ్చింది ఎవరిని అడగడానికి? నన్ను. ఆ రవిక అందుకే కుట్టుకున్నాను, ఆ ఫోటో అందుకే దిగాను. అల్లుడు అత్తారింట్లో ఉండాలని, ఆ ఇల్లు చిన్నదానికి పోతుందని ఎవరో వాడి చెవిలో వేశారు. నెల తిరక్కుండా అదే పళ్ళెం నీ పేరు మీద తిరిగొచ్చింది. ఇంటిని చూసి పెళ్ళాన్ని మార్చిన మనిషి వాడు. నువ్వు తల వంచుకుని ఒప్పుకున్నావు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట, మీ ఇద్దరిలో ఎవరూ నాతో అనలేదు. నేను మర్నాడు బస్సెక్కాను.

ఇప్పుడు విను. చెట్టు కొట్టించగలను. మెకాంగ్ నది అవతలి దేశం కూలీలు ఉన్నారు, వాళ్ళకి మన అమ్మవార్లతో పని లేదు. కానీ సుథిన్ స్వయంగా నాకు ఉత్తరం రాయాలి. వాడి చేత్తో, వాడి అక్షరాలతో. "ప్రనోమ్, తప్పు నాది" అని. అంతకంటే పొడుగు అక్కర్లేదు. నువ్వు రాసి పంపితే నాకు తెలిసిపోతుంది. వాడి అక్షరాలు నేను మర్చిపోలేదు.

ఉత్తరం అందిన మర్నాడే కూలీలు వస్తారు.

ప్రనోమ్


నోంగ్ సాయ్ తోట
జూలై 2

అక్కా,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. రాయనన్నాడు.

నువ్వు కుట్టిన అమ్మవారు నీ లాగే ఉంది. ఎంత ఇచ్చినా చాలదు దానికి. నిన్న ఒకడు తన బండిని మా ప్యానెళ్ళ కిందే ఆపి, జామకాయలు కోసుకుని తిని, గింజలు మా గుమ్మంలో ఉమ్మిపోయాడు. ఆయన గొట్టం పెట్టుకుని గడప దగ్గర కూర్చుంటే, అమ్మవారికి కోపం వచ్చే ఈయనకి ఇలా అయిందని పిల్లలకి చూపించి చెప్తున్నారు.

ముప్పై నాలుగేళ్ళు కడుపులో ఒక మంట పెట్టుకుని బతికావు. బాగుంది. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఆ మంటే నీకు తోడు. నీ దగ్గర అడుక్కుని తెచ్చుకున్న గాలి ఆయనకి ఒంటబట్టదు.

లమ్యై


బాంగ్‌కాపి
ఆగస్టు 1

రాయనన్నాడా.

సరే అయితే, నీడలోనే ఉండండి ఇద్దరూ. చల్లగా ఉంటుంది.

ప్రనోమ్


బాంగ్‌కాపి
సెప్టెంబరు 27

లమ్యై,

ఇది అర్జెంటు పోస్టులో వేస్తున్నాను, ఎప్పటికి అందుతుందో తెలియదు. టీవీలో మూన్ నది చూపించారు. మన బడి కప్పు కనబడింది, దాని చుట్టూ నీళ్ళే. మీరెక్కడున్నారు? కారు ఎత్తులో పెట్టావా? అందులో ఎంత ఉంది?

ఫన్ పిన్నికి పదకొండుసార్లు చేశాను. పన్నెండోసారి ఎత్తింది. పిన్నీ, కల అబద్ధం, నా చెల్లి మీద కసితో నేనే అల్లాను, చెట్టు కొట్టించు, ఇప్పుడే కొట్టించు అన్నాను. ఏమందో తెలుసా? "అయ్యో ప్రనోమ్, అమ్మవారు నీ చేత అబద్ధం ఆడిస్తోందే, మమ్మల్ని పరీక్ష చేస్తోంది" అంది. ఒట్టు పెట్టాను. ఏడ్చాను. ఊరివాళ్ళు మానుకి ఇంకో పట్టుగుడ్డ చుడతారటగా, నీళ్ళు తగ్గాలని.

నా నంబరు కవరు వెనక రాస్తున్నాను. ఎవరి ఫోన్ నుంచైనా సరే చెయ్యి. పడవలవాళ్ళ నంబరు కూడా రాశాను. నేను వారిన్ దాకా రైల్లో వస్తాను, అక్కణ్ణుంచి ఎవరో ఒకరు దింపుతారు. రంపం నేనే పట్టుకొస్తాను. వాడు నాకు ఏ ఉత్తరమూ రాయక్కర్లేదు.

ఒక్కటి చెప్పు. ఎలాగూ సిగ్గు విడిచి అడుగుతున్నాను. రాయనన్నప్పుడు సుథిన్ ఏమన్నాడు? ఏ మాటలతో అన్నాడు? నా పేరు పలికాడా?

నీ అక్క
ప్రనోమ్


నోంగ్ సాయ్ తోట
అక్టోబరు 30

అక్కా,

నువ్వు వారిన్ స్టేషన్లో రెండు రోజులు రంపం పట్టుకుని కూర్చున్నావని, సైనికులు పడవ ఎక్కనివ్వలేదని, తిరిగి వెళ్ళిపోయావని ఫన్ పిన్ని చెప్పింది. ఎక్కనిచ్చినా లాభం ఉండేది కాదు. అప్పటికే అయిపోయింది.

అడిగావు కదా, అన్నీ చెప్తాను.

టౌనుకి వెళ్ళి నింపుకోవాల్సిన రోజునే వాగు రోడ్డెక్కింది. కారులో పద్దెనిమిది శాతం ఉంది. మా గట్టు మునగలేదు, చుట్టూ అన్నీ మునిగాయి. తోట వైపు ఫోన్ టవర్ మొదటి రోజే పోయింది. మొదటి రోజు వాన. రెండో రోజు వాన. సిలిండర్ రెండో రోజు సాయంత్రానికి అయిపోయింది. దీపం వేసుకోలేదు, ఫ్యాను వేసుకోలేదు, ఉన్నదంతా మిషనుకే. మూడో రోజు పొద్దున్నకి కారులో నాలుగు శాతం.

పదకొండు గంటలకి ఎండ వచ్చింది. ఎలాంటి ఎండ అనుకున్నావు! కడిగినట్టున్న ఆకాశం. నేను ప్యానెళ్ళ మీది ఆకులన్నీ నా పైబట్టతో తుడిచాను. అంకె ఎక్కడం మొదలైంది. నాలుగు, అయిదు, ఆరు. ఆయన మంచం వరండాలోకి లాగించుకుని ఆ అంకెలు నన్ను చదవమన్నాడు. ఇలాగే నాలుగింటి దాకా కాస్తే రాత్రి గడుస్తుంది, రేపు పడవ వస్తుంది అన్నాడు. ఆ మాటకి ఇద్దరం నవ్వాం కూడా.

పన్నెండున్నరకి నీ నీడ వచ్చింది.

కత్తి తీసుకుని గట్టు దిగాను. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. నలుగురు చేతులు కలిపినా అందని మాను అది. గాటు పడింది గానీ లోపలికి దిగలేదు. రవికలు కోసేశాను. దువ్వెనలు, గాజులు నీళ్ళలోకి విసిరేశాను. గొంతు పోయేదాకా దాన్ని తిట్టాను, నిన్ను తిట్టాను. తిరిగొచ్చి చూస్తే అంకె ఏడు దగ్గరే ఆగి ఉంది.

మూడింటికి మళ్ళీ మబ్బు పట్టింది. ఏడు శాతం మీద సాయంత్రం దాకా లాగాను. కారు తనంతట తానే వైరుకి కరెంటు ఇవ్వడం ఆపేసింది, దాన్ని కాపాడుకోవడానికి అలా ఆపేస్తుందట. మిషను ఒకసారి కూసి ఆగిపోయింది. దీపాలు పెట్టే వేళ దాటాక కొంచెంసేపు ఉన్నాడు. ఎలా పోయాడో నీకు చెప్పను. అది నాది.

ఆ చిన్న గూడు మీద నీడ పడకూడదని నేనే పడమట వేయించాను. ఆయన జరుపుదామంటే వద్దన్నాను. నా పాలు నేను ఒప్పుకుంటున్నాను, అంతా నీ నెత్తిన వేయను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. జూలైలో నీకు రాసింది అబద్ధం. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించలేదు. చూపించనేలేదు. బియ్యం డబ్బా కింద పెట్టాను. నువ్వు అడిగిన ఆ ఒక్క మాట ఆయన రాసేస్తాడేమోనని భయమేసింది. రాస్తే ముప్పై నాలుగేళ్ళు నేనేమిటి? ఊపిరి ఆడకపోయినా సరే, ఆయన చేత్తో నీ పేరు రాయడం నేను చూడలేకపోయాను. చూశావా, మంట నీ ఒక్కదాని కడుపులోనే లేదు.

ఆయన శవం ఇంట్లో ఉండగానే లాటరీ కొనేవాళ్ళు వచ్చారు. ఎన్నేళ్ళని అడిగారు. అరవై ఒకటి అన్నాను. ఊరంతా అరవై ఒకటి కొన్నారు. తగల్లేదు. అమ్మవారికి ఇంకా కోపం తీరలేదని, నేను బట్టలు కోసినందుకేనని, చెట్టు దగ్గర అమ్మవారికి గుడి కట్టాలని తీర్మానించారు. ప్యానెళ్ళు అడిగితే ఇచ్చేశాను. తూర్పున, మన దేవత గూడు పక్కనే బిగించారు. నీడ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రోజంతా ఎండ కాస్తుంది అక్కడ. దాంతో సాయంత్రం అవగానే గుడిలో దీపాలు వెలుగుతాయి.

అమ్మవారి రూపం ఎలా పెట్టాలో ఎవరికీ తెలియలేదు. ఆకుపచ్చ రవిక అని మాత్రం తెలుసు. నేను అమ్మ బీరువా తీసి నీ ఫోటో ఇచ్చాను. ఫన్ పిన్ని చూసి, "ఇది ప్రనోమ్ కదే" అంది. అవును, ప్రనోమే అన్నాను. బతికున్న మనిషి ఫోటో చచ్చినవాళ్ళ చోట పెట్టకూడదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఊరుకున్నాం. ఇప్పుడు నీకు రోజూ దండలు వేస్తున్నారు. ఎర్ర షర్బత్ పోస్తున్నారు. నీ మొహం మీద పౌడర్ రుద్ది అంకెలు వెతుకుతున్నారు.

చివరికి ఒకటుంది, అది కూడా చెప్పి ముగిస్తాను. నేను గట్టు దిగి మానుని కొడుతున్నప్పుడు ఆయన మంచం మీద నుంచే అంతా చూశాడు. పైకి వచ్చాక, "ఆ చెట్టు ప్రనోమ్‌ది కదా, నేను ఒక్క మాట అడిగి ఉంటే కొట్టించేదేమో. మనం ఎందుకు అడగలేదు?" అన్నాడు. కాగితం తెమ్మన్నాడు. మధ్యమధ్యలో ఆగుతూ, చాలాసేపు రాశాడు. మడిచి, నీళ్ళు తీశాక నీకు పోస్టు చెయ్యమన్నాడు.

దహనం నాడు దాన్ని ఆయన చొక్కా జేబులో పెట్టాను. పెట్టే ముందు చదివాను. రెండు వాక్యాలు. నీ పేరు ఉంది. మిగతాది నీకు చెప్పను.

లమ్యై